తొంభై తొమ్మిది అడుగుల టేపు

నేను ఒక వంద అడుగుల గుడ్డ టేపును. ఉండండి, అప్పుడే నమ్మేయకండి. నా తోలు డబ్బా మీద అలా అచ్చేసి ఉంది. మునిసిపాలిటీ స్టాకు రిజిస్టరులోనూ అలాగే రాసి ఉంది. కానీ చాలా ఏళ్ళు నాకు మొదటి అడుగు లేదు. ఆ సంగతి అప్పట్లో నాకూ, ఇంకొక్క మనిషికీ మాత్రమే తెలుసు. ఆ లేని అడుగు వల్ల సున్నపుబట్టీల వీధిలో సత్యవేణి అనే దర్జీ ఆవిడకి కుళాయి పీకేసే దాకా వచ్చింది. చుట్టచుట్టుకుని పడుకునే జాతి మాది. అయినా నాకు కుదురు లేదు. ఇది ఎవరితోనన్నా చెప్పేస్తే తప్ప నా మనసు ఊరుకోదు.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను, అక్కడ నా తప్పేమీ లేదు. ఎక్కడో పెద్ద ఊళ్ళో, నేత మిషన్ల మధ్య పుట్టాను. నార దారం, లోపల సన్నటి రాగి తీగలు, పైన పసుపు పూత. అంగుళాలకి నల్ల గీతలు, అడుగులకి ఎర్ర అంకెలు. కొసన ఇత్తడి రింగు, ఆ రింగు మీద తూనికలు కొలతల వాళ్ళ ముద్ర. అక్కడి నుంచి రైలెక్కి గోదావరి దాటి, మా ఊరి మునిసిపాలిటీ స్టోరులో దిగాను. ఒక గుమాస్తా నన్ను రిజిస్టరులో ఎక్కించి, బిల్ కలెక్టర్ గంగాధరం చేతిలో పెట్టి, సంతకం పెట్టించుకున్నాడు.

గంగాధరం పొట్టి మనిషి, చెమట ఎక్కువ, నిజాయితీ ఇంకా ఎక్కువ. కొలవడానికి వెళ్ళినప్పుడు రింగు ఇంటివాళ్ళ చేతికే ఇచ్చేవాడు. "రింగు మీరే పట్టుకోండి, గోడకి బాగా ఆనించి పట్టుకోండి. రేపు నన్ననకూడదు మరి," అనేవాడు. తాను డబ్బా పట్టుకుని రెండో మూలకి పోయి, నన్ను బిగించి లాగి, అంకె గట్టిగా అరిచేవాడు. ఇంటివాళ్ళు తామే పట్టుకున్న కొలత కదా అని గొడవపడేవాళ్ళు కాదు. అంకె కనిపించేది మాత్రం గంగాధరం వైపే. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటి పన్ను ఎలా వేస్తారో మీకు తెలుసా? ముందు పొడవు, వెడల్పు కొలిచి గుణిస్తారు. తర్వాత వీధి ఏ జోనులో ఉందో, పైకప్పు స్లాబో పెంకో, కట్టి ఎన్నేళ్ళయిందో చూస్తారు. ఇవన్నీ చూసి, ఈ ఇల్లు అద్దెకిస్తే నెలకి ఎంతొస్తుందో ఊహిస్తారు. ఆ ఊహించిన అద్దె మీద పన్ను. ఇంట్లో ఉంటున్నది ఇంటివాళ్ళే, అద్దె అనేది పైసా రాదు, అయినా పన్ను మాత్రం నిజంగా కట్టాలి. మనుషులు కలగంటే పొద్దున్నకి మరిచిపోతారు. మునిసిపాలిటీ కలగంటే ఇంటికి డిమాండు నోటీసు వస్తుంది.

సున్నపుబట్టీల వీధి సంగతే చూడండి. మురుగుకాలవ పక్కన రెండు వరసల పెంకుటిళ్ళు. కానీ ఆ వీధి మొదలు మెయిన్ రోడ్డులో కలుస్తుంది కాబట్టి జోను మెయిన్ రోడ్డుదే. కాలవ కంపు మాత్రం ఏ జోనులోనూ లెక్కకి రాదు. నేనేం చేయను, నాకు పొడవే తెలుసు గానీ కంపు కొలవడం తెలీదు కదా.

ఇక నా అడుగు ఎలా పోయిందో చెప్తాను. మా ఊళ్ళో ఒక రైసుమిల్లు యజమానికి పెద్ద బంగళా ఉంది. ఎనభై అడుగుల పొడవు, యాభై వెడల్పు. దానికి పట్టాల మీద దొర్లే ఇనుప గేటు. గంగాధరం నన్ను పరిచి కొలుస్తుంటే, లోపలి నుంచి కారొస్తోందని వాచ్‌మన్ గేటు గుంజాడు. గేటు చక్రం నా మీదుగా పోయింది. మొదటి అడుగు పట్టాల గ్రీజులో నలిగి పీలికలైంది. గంగాధరం వంగి రింగు ఒక్కటీ ఏరుకున్నాడు. కారులో వాళ్ళు అద్దం కూడా దించలేదు.

ఆ సాయంత్రం అతను పడ్డ యాతన నేను చూశాను. రిపోర్టు చేస్తే ప్రభుత్వ సొత్తు పాడుచేసినందుకు మెమో వస్తుంది. అంతకుముందే ఆఫీసులో ఒకాయన గోడ గడియారం పగలగొట్టాడని ఇంక్రిమెంటు ఆపేశారు. గంగాధరం బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికెళ్ళి, ఒకటి అంకె దగ్గరే రింగు కుట్టించేశాడు. రింగు ఉన్న చోట సున్న ఉండాలి, నాకేమో ఒకటి ఉంది. పది అడుగుల గోడకి ఆనిస్తే పదకొండు చూపిస్తాను. ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు, అది రింగు మీద ఉంది కదా!

గంగాధరం మోసగాడు కాదు, ఆ మాట ఒట్టేసి చెప్తాను. ఆ రోజు నుంచీ నా మీద ఎంత కనిపిస్తే అందులోంచి ఒకటి తీసేసి అరిచేవాడు. ఇరవై అయిదు కనిపిస్తే "ఇరవై నాలుగు!" అనేవాడు. తొమ్మిదేళ్ళు ఒక్కసారి కూడా తప్పలేదు. చివరికి తీసివేయడం అతనికి ఆలోచనతో పనిలేని పనైపోయింది, కళ్ళు చూస్తే నోరు ఒకటి తగ్గించేది.

తర్వాత రిటైరయ్యాడు. సామాను అప్పగించే కాగితంలో "టేపు, వంద అడుగులు, ఒకటి, బాగున్నది" అని రాశాడు. రాస్తున్నప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని నేను డబ్బాలో గిలగిల్లాడాను. కానీ అతని పెన్షను కాగితాలు ఇంకా పైన కదలలేదు. బాకీలేవీ లేవని సర్టిఫికెట్టు రావాలి. ఈ పన్నెండంగుళాల దగ్గర అది ఆగిపోతే? సంతకం పెట్టేశాడు. పోతూ పోతూ నా డబ్బాని ఒకసారి నిమిరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొత్తగా వచ్చినవాడు చక్రధర్. మంచివాడే, కాకపోతే తొందర. అతను వచ్చిన ఏడాదే పన్నుల రివిజను పడింది. ఇరవై రోజుల్లో పదకొండు వందల ఇళ్ళు కొలవాలి. అదే రివిజనులో పైవాళ్ళు ఒక గీత కూడా గీశారు. మూడు వందల డెబ్బై అయిదు చదరపు అడుగుల లోపు ఇంటికి నామమాత్రపు పన్ను, ఒక కొబ్బరికాయ ధర అంత. ఒక్క అడుగు దాటినా పూర్తి పన్ను.

ఇక నా పరుగు మొదలైంది. ఇల్లు తర్వాత ఇల్లు, గోడ తర్వాత గోడ. చక్రధర్ నా మీద ఎంత కనిపిస్తే అంత రాసుకున్నాడు. పది అడుగుల చదరం గది, అంటే వంద చదరపు అడుగులు, నా నోట నూట ఇరవై ఒకటి అయింది. నూటికి ఇరవై ఒక్క పాళ్ళు అదనం! అదే ఆ మిల్లు యజమాని బంగళాని నాతో కొలిచినా, నాలుగు వేలకి నూట ముప్పై ఒకటి పెరిగేది. నూటికి మూడు చిల్లర. ఆ మూడూ కూడా పడలేదు లెండి. అక్కడ చక్రధర్‌కి కాఫీ ఇచ్చారు, నన్ను డబ్బాలోంచి తీయనే లేదు, పాత లెక్కే ఎక్కించుకుని వచ్చేశాడు. ఇల్లు చిన్నదైన కొద్దీ నా తప్పు పెద్దదవుతుంది. ఏ గుమ్మం ఎక్కుతున్నా నాకు దడే.

సత్యవేణి ఇల్లు ఆ వీధిలో ఏడోది. మొగుడు పోయాడు, అత్తగారితో ఉంటుంది, వరండాలో జాకెట్లు కుడుతుంది. మేము వచ్చేసరికి మిషను మీద దుప్పటి కప్పేసింది. కుట్టు మిషను కనిపిస్తే షాపు రేటు వేస్తారని ఎవరో భయపెట్టారట. రింగు ఆవిడ చేతికే ఇచ్చాడు చక్రధర్. పొద్దస్తమానం అంగుళాలతో బతికే మనిషి, ఆవిడ వేలు నా ఒకటి అంకె మీద ఆగింది. చూసింది! చూసి, కనుబొమ్మ ముడేసింది. అడుగు తల్లీ, అడుగు, అని నేను ప్రాణాలన్నీ ఉగ్గబట్టుకున్నాను. కానీ ఆవిడ ధ్యాసంతా దుప్పటి కింద మిషను మీద ఉంది. రింగు గోడకి ఆనించేసింది. ఇరవై అయిదు, పదహారు. చక్రధర్ నాలుగు వందలు అని రాసుకుని పక్కింటికి పోయాడు.

నిజానికి ఆ ఇల్లు ఇరవై నాలుగుకి పదిహేను. మూడు వందల అరవై.

నోటీసు వచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, తన అరవై అంగుళాల టేపు మెడలోంచి తీసి, నేల మీద కూర్చుని గోడ వెంట ఇల్లంతా కొలుచుకుందట. పొడవుకి నాలుగు టేపులూ, పైన నలభై ఎనిమిది అంగుళాలూ. వెడల్పుకి సరిగ్గా మూడు టేపులు. మర్నాడు నోటీసు పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. నేను చక్రధర్ బల్ల మీదే ఉన్నాను.

"మా ఇల్లు మూడొందల అరవయ్యేనండి. నేను కొలిచేనండి."

"దేంతో కొలిచావమ్మా?"

మెడలో టేపు చూపించింది. చక్రధర్ నవ్వాడు. "అది జాకెట్లు కొలిచేది. ఇళ్ళు కొలిచేది ఇదిగో, దీని మీద ముద్ర ఉంది చూడు," అని నన్ను పైకెత్తాడు. సిగ్గుతో చచ్చాను.

"అంగుళం అంగుళమే కదండీ. జాకెట్టుకొకటీ ఇంటికొకటీ ఉంటదాండీ?" అంది సత్యవేణి.

పిటిషను పెట్టుకోమన్నారు. ఈలోగా పన్ను కట్టకపోతే కుళాయి తీసేస్తామన్నారు. ఆ వీధిలో బోరింగు నీళ్ళు ఉప్పన. కుళాయి పోతే ఆవిడ రోజూ మెయిన్ రోడ్డు దాటి నీళ్ళు మోసుకోవాలి. మోస్తూ కూర్చుంటే కుట్టేది ఎప్పుడు?

పిటిషను ఎవరు రాసిపెడతారు? వీధి చివర ఉండే గంగాధరం! రిటైరైన బిల్ కలెక్టరు, కాగితాలు తెలిసిన మనిషి. ఆవిడ వెళ్ళి "బాబాయిగారూ, మీరే రాయాలండి," అని అడిగింది. అప్పటికే గంగాధరానికి తన ఇంటి నోటీసూ వచ్చి ఉంది. ముప్పైకి ఇరవై ఉండే ఇల్లు ముప్పై ఒకటికి ఇరవై ఒకటి అయింది. చూసిన క్షణాన్నే అతనికి తెలిసిపోయి ఉంటుంది. నోరు మూసుకుని పన్ను కట్టేశాడు. ఆవిడకి మాత్రం రెండు పేజీల పిటిషను రాశాడు. "తమ సమ్ముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అంటూ మొదలుపెట్టి అన్నీ రాశాడు, నా సంగతి తప్ప. ఆ కాగితం తర్వాత నా పక్కనే ఫైలులో పడి ఉంది. చదివి నేను గింజుకున్నాను. పిరికివాడా, ఒక్క వాక్యం! ఒక్క వాక్యం రాస్తే పోయేదేముంది నీది?

ఇరవై రోజుల తర్వాత రెవెన్యూ ఆఫీసరు స్వయంగా విచారణకి వచ్చింది. ఆవిడ కాస్త తలనొప్పి మొహంతో ఉండే నడివయసు మనిషి, కానీ మాట వింటుంది. సత్యవేణి ఇంటి ముందు వీధి వీధంతా పోగైంది. కుళాయి మనిషి పానాలు పట్టుకుని సైకిలు పక్కన నిలబడ్డాడు. తేలకపోతే ఇవాళే తీసేస్తారు. అత్తగారు కుళాయి దగ్గరే పీట వేసుకుని కూర్చుంది, లేపితే లేచేలా లేదు. పిటిషను రాసినవాడు కాబట్టి గంగాధరాన్నీ పిలిచారు. అతను నా వైపు చూడలేదు.

"మళ్ళీ కొలవండి, నా ముందర," అంది ఆఫీసరు.

సత్యవేణి రింగు పట్టుకుంది. చక్రధర్ డబ్బా పట్టుకుని రెండో మూలకి వెళ్ళాడు. గంగాధరం అలవాటు కొద్దీ అతని పక్కనే వంగి నిలబడ్డాడు. నన్ను బిగించి లాగారు. మూల దగ్గర ఎర్రగా ఇరవై అయిదు. చక్రధర్ నోరు తెరిచేలోగానే వినబడింది, ఆ పాత గొంతు, వీధంతా మోగేలా.

"ఇరవై నాలుగు!"

అతను అనాలని అనలేదు. తొమ్మిదేళ్ళ నోరు, దానంతటది అనేసింది. చక్రధర్ తెల్లబోయి చూశాడు. "ఇరవై అయిదు కదండీ మేస్టారూ, ఇదిగో." ఆఫీసరు వంగి చూసింది. ఇరవై అయిదే.

"మీరు ఇరవై నాలుగని ఎలా అన్నారు?"

గంగాధరం మొహాన చెమట ధారగా కారుతోంది. అప్పుడు సత్యవేణి అవతలి మూల నుంచి మెల్లగా అంది. "ఇక్కడ రింగు దగ్గర ఒకటి ఉందండి. నేను ఆ రోజే చూసేను. మిషను భయంలో అడగలేదు."

అంతే. గంగాధరం అరుగు మీద కూలబడి, గేటు దగ్గర నుంచి సంతకం దాకా అంతా చెప్పేశాడు. చెబుతూ ఏడ్చాడు. "పెన్షను ఆగిపోద్దని భయపడ్డానమ్మా. నీ చేత నీళ్ళు మోయించబోయాను," అన్నాడు. నాకు కోపం ఉండాలి కదా? లేదు. మొదటిసారి ఒంట్లోంచి ఏదో ముడి వీడినట్టయింది.

సత్యవేణి ఇల్లు మూడు వందల అరవై అని తేలింది. గీత లోపలికి వచ్చేసింది. కుళాయి మనిషి పానాలు సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. సత్యవేణి వెళ్ళి మిషను మీద దుప్పటి తీసేసింది. ఆఫీసరు చూసి, మొహం అటు తిప్పుకుంది.

"మరి మా ఇళ్ళో?" అని వీధి అంతా ఒక్కసారే అరిచింది. తప్పు చూపే టేపుతో కొలిచినవి ఒక్క ఇల్లు కాదు, పదకొండు వందలు. ఆఫీసరు తల పట్టుకుంది. అన్నీ మళ్ళీ కొలిపించాలంటే పైనుంచి ఆర్డరు కావాలి, అది ఎప్పటికొస్తుందో ఆవిడకే తెలీదు. "ఎవరి ఇంటికి వాళ్ళు కొలతలతో పిటిషను పెట్టుకోండి. పదిహేను రోజులు గడువిస్తాను," అంది. తప్పు మునిసిపాలిటీది, తిరగాల్సింది మాత్రం జనం. నాకిదేం న్యాయమో అర్థం కాలేదు.

గంగాధరం దగ్గర నా ఖరీదు వసూలు చేశారు. రిజిస్టరులో ముప్పై ఏళ్ళ కింద రాసిన ధర, నలభై రెండు రూపాయలు! దానికోసమే కదా ఇంత చేశాడు పాపం. డబ్బు కట్టాడు కాబట్టి పనికిరాని సామాను కింద నన్ను అతనికే ఇచ్చేశారు. తిన్నగా తీసుకెళ్ళి సత్యవేణి మిషను మీద పెట్టాడు.

ఆవిడ బ్లేడుతో ఆ పాత కుట్టు విప్పింది. కాలర్లలో పెట్టే బక్రం గుడ్డ రెండు మడతలు వేసి, తన టేపుతో మూడుసార్లు సరిచూసి, సరిగ్గా పన్నెండంగుళాల ముక్క నాకు అతికింది. కొసన రింగు పెట్టి కుట్టింది. ఇప్పుడు నేను వంద అడుగులు, అక్షరాలా వంద. మొదటి అడుగు మాత్రం తెల్లగా, కొంచెం బిరుసుగా ఉంటుంది. ఆ కుట్టు పడుతున్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నన్ను పట్టుకుని బయల్దేరారు. డబ్బా దగ్గర గంగాధరం, రింగు ఇంటివాళ్ళ చేతిలో, పుస్తకంతో సత్యవేణి. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకమే. ఒక పేజీలో చేతులూ నడుమూ, ఎదుటి పేజీలో ఇళ్ళు. మొదటి ఇల్లు గీత లోపలే. రెండోదీ లోపలే. జనం ముందే గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఇక నాకు ఏ దడా లేదనుకున్నాను.

మూడోది మంగతాయారుది. ఇడ్లీలు వేసి అమ్ముకునే ముసలావిడ. సత్యవేణికన్నా బీదది, కుట్టడానికి మిషను కూడా లేదు. వెడల్పు పదహారు అని తేలింది. పొడవుకి ఆవిడే రింగు పట్టుకుంది. గంగాధరం లాగి, చూసి అరిచాడు.

"ఇరవై మూడు!"

ముసలావిడ మొహం వెలిగిపోయింది. ఆ వీధిలో ఇప్పుడు గుణకారం రానివాళ్ళు లేరు. పదహారు ఇరవై మూళ్ళు మూడు వందల అరవై ఎనిమిది. లోపలే! సత్యవేణి పెన్సిలు కాగితం మీద పెట్టి, ఏమనుకుందో ఏమో, లేచి వచ్చి మూల దగ్గర వంగింది. నా మీద ఉన్నది ఇరవై నాలుగు. గంగాధరం నాలుక కరుచుకున్నాడు. పాపిష్టి నోరు, ఇంకా ఒకటి తీసేస్తూనే ఉంది.

పదహారు ఇరవై నాలుగులు మూడు వందల ఎనభై నాలుగు. గీతకి తొమ్మిది అడుగులు అవతల.

సత్యవేణి చాలాసేపు అలాగే వంగి ఉంది. ఇరవై మూడు అని రాసేస్తే అడిగేవాడు లేడు. అటు మిల్లు బంగళాని ఎవరూ కొలవనే లేదు. పెన్సిలు కొస పళ్ళ మధ్య పెట్టుకుని కొరికింది.

"పిన్నీ, రింగు గోడకి బాగా ఆనించు," అంది చివరికి. "బాబాయిగారూ, మీరు ఇంకా గట్టిగా లాగండి."

లాగాడు. నేను గుడ్డ టేపును, లాగితే కాస్తో కూస్తో సాగుతాను, సాగితే మూల దగ్గర అంకె తగ్గుతుంది. రాగి తీగలన్నీ జివ్వుమనేలా సాగాను. ఇన్నేళ్ళూ నిజమే పలకాలని కొట్టుకున్నదాన్ని, ఆ ఒక్క క్షణం మాత్రం అబద్ధమాడడానికి నా ప్రాణమంతా పెట్టాను. ముసలావిడ వేళ్ళు రింగుని అదిమి పట్టుకున్నాయి.

"ఇప్పుడు చూడండి," అంది సత్యవేణి.

ఆ మూల దగ్గర ఎర్రగా ఇరవై నాలుగే ఉంది. ఆవిడ ఇరవై నాలుగు అనే రాసింది. రాస్తుంటే పెన్సిలు ములుకు విరిగింది.

"ఏం రాశావే, సత్తివేణీ?" అని మంగతాయారు ఇంకా రింగు వదలకుండానే అడిగింది. "నా కుళాయి ఉంటదా, ఉండదా?"

గంగాధరం నన్ను చుట్టడం మరిచిపోయి నిలబడ్డాడు. పక్కింటి గుమ్మంలో ఒకావిడ అప్పటికే కొంగు బిగించుకుని, రింగు కోసం చెయ్యి చాపి ఉంది.